తాడుతో కట్టిన బండి

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఉద్యోగం చేసినంత కాలం బండి నడిపిన మనిషి, ఒక్కసారి కూడా మలుపు తిప్పలేదు. రైలు డ్రైవరు. మలుపుల సంగతి పట్టాలు చూసుకునేవి. పోనివ్వడం, ఆపడం, కూత వెయ్యడం, ఈ మూడే ఆయన పని. రిటైరయ్యాక ఇంట్లోనూ ఆ మూడే చేస్తున్నారు. కూరలకి పంపితే పక్క సందులోకి తిరగాల్సొస్తుందని, నేరుగా వీధి చివరిదాకా పోయి, అక్కడ ఏముంటే అవి పట్టుకొస్తారు.

అలాంటి మనిషి వ్యాను కొన్నారు. మామూలు వ్యాను కాదు, లోపల ఇల్లున్న వ్యాను. వెనక పక్క పరుపు, దాని ముందు రెండు పళ్ళేలు పట్టే బల్ల, ఒంటి పొయ్యి, చెయ్యి పెడితే నిండిపోయే సింకు. పరుపు పక్కన కిటికీ. “ఎన్ని ఊళ్ళు తెల్లారుతుంటే చూశాననుకున్నావ్? అప్పుడల్లా నువ్విక్కడ పాలు కాస్తుండేదానివి. ఇప్పుడు నీక్కూడా చూపిస్తా,” అన్నారు. పెళ్ళయ్యాక నన్నడక్కుండానే నాకేం కావాలో ఆయనకి తట్టడం అదే మొదలు. కాదనడానికి నోరు రాలేదు.

కిటికీకి లేత పసుపు తెర కుట్టాను. మధ్యాహ్నాలు ఇంట్లో మంచం మానేసి, వాకిట్లో ఆగి ఉన్న ఆ వ్యానులో పడుకోవడం అలవాటైంది. గాలికి బయట చెట్టు ఊగితే ఆకుల నీడలు తెర మీంచి వెనక్కి పారేవి. అవి పారుతుంటే బండి ముందుకి పోతున్నట్టుండేది. కళ్ళు సగం మూసుకుంటే చాలు, ఏదో నది పక్కనుంచి వెళ్తున్నాం, ఎవరో దూరంగా బట్టలుతుకుతున్నారు, పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. కళ్ళు తెరిస్తే మా గోడ, గోడ మీద ఎదురింటి పిల్లి. అయినా సగం దారి వెళ్ళొచ్చినట్టే ఉండేది.

మిగతా సగం దగ్గరే వచ్చింది చిక్కు. మా వీధి దాటాలంటే మందుల షాపు దగ్గర ఎడమకి తిరగాలి. షాపు ముందు ఒక స్తంభం ఉంది. మొదటిసారి బయల్దేరిన రోజు మా ఆయన హారన్ మోగిస్తూ, “గ్రీన్!” అని అరిచి, నన్ను కూడా “గ్రీన్” అనమన్నారు. అది వాళ్ళ ఉద్యోగంలో పద్ధతట, ఒకరన్నది రెండోవారు అనాలి. అక్కడ సిగ్నలే లేదు. సరే, అన్నాను. ముందు భాగం మలుపు చక్కగా తిరిగింది. వెనక భాగం వెళ్ళి స్తంభాన్ని గీసుకుంది.

“ఈ స్తంభం ముందుకొచ్చింది,” అన్నారు మా ఆయన దిగి.

“మా నాన్న కట్టించిన దగ్గర్నుంచి అది నడవగా నేను చూళ్ళేదు సార్,” అన్నాడు షాపతను.

రెండోసారి ఇంకా జాగ్రత్తగా వెళ్ళారు. అంటే ఇంకా నెమ్మదిగా, ఇంకా ఎక్కువ హారన్‌తో. ఈసారి గీత తలుపుదాకా పాకింది. వెనక బళ్ళు ఆగిపోయి గోల. ఇంటికొచ్చాక ఆయన మంచినీళ్ళ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగారు. వాన అయినా మంచయినా రైలుని చెదరకుండా నడిపిన చేతులు. నేను చూడనట్టు పొయ్యి వైపు తిరిగాను.

“అమ్మేద్దాం. పళ్ళ డాక్టరు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. రేపు పొద్దున రమ్మన్నాను. మాటిచ్చేశాను,” అన్నారు.

తెర ఊడదీద్దామని వ్యానులోకి వెళ్ళాను, ఊడదియ్యలేదు. పడుకున్నాను. సాయంత్రపు ఎండ తెరలోంచి వడగట్టినట్టు దిగుతోంది. కునుకులో మా వ్యాను బొమ్మ బండంత చిన్నదై కనిపించింది. దానికి దారం కట్టి ఎవరో లాగుతున్నారు. మూల తిరిగేటప్పుడు బొమ్మ ముందు భాగం దారం వెంటే పోతోంది గాని, వెనక చక్రాలు ఆ దారిన పోవడం లేదు. అడ్డదారి పట్టి మూలకి ఒరుసుకుంటున్నాయి. పరుపుని వరండాలోంచి గదిలోకి లాగే ప్రతిసారీ నా మోచేతికి తెలిసిన సంగతే ఇది. గుమ్మం దాటి కాస్త ముందుకెళ్ళి తిప్పకపోతే నడుము దగ్గర తట్టుకుంటుంది.

లేచి వెళ్ళి చెప్పాను.

“ముందు ఎటెళ్తే వెనకా అటే వస్తుందోయ్,” అన్నారు. “నా సర్వీసులో ఒక్క పెట్టె కూడా వేరే దారిన పోలేదు.”

“అవి పట్టాల మీద పెట్టెలండీ.”

“బండంటే బండే.”

పొద్దున లేచేసరికి మంచు. వీధిలో దీపాలు దూదిలో చుట్టినట్టున్నాయి. నేను దండెం తాడు విప్పి రెండు ముక్కలు చేశాను. ఇంట్లో కిటికీల తెరల కడ్డీలు రెండు తీశాను. వ్యాను పక్కన పరిచి, ముందు చక్రాల నుంచి వెనక చక్రాలదాకా ఎంత పొడుగో అంత తాళ్ళు, ముందూ వెనకా అడ్డంగా కడ్డీలు, నాలుగు మూలలూ కలిపి కట్టాను. పక్కింట్లోనే ఉండే మా వదినగారిని, అంటే ఆయన అక్కగారిని పిలిచాను. శాలువా కప్పుకుని వచ్చి, “ఏమిటమ్మాయ్, తెల్లారకుండా తాడాటా?” అన్నారు.

“బండి వదినగారూ. మీరు ముందు ఎడమ మూల, నేను ముందు కుడి. ఏమండీ, మీరు వెనక ఎడమ.”

“నేను వెనకా?” అన్నారు మా ఆయన.

“ఒరేయ్, చిన్నప్పుడు రైలాటలో ఎప్పుడూ నువ్వే ఇంజను. ఒక్కసారి పెట్టెవి కా, చచ్చిపోవు,” అన్నారు వదినగారు.

నాలుగో మూలకి మనిషి లేడనుకుంటుండగా మంచులోంచి పళ్ళ డాక్టరు వచ్చాడు. “నమస్కారమండీ, వ్యాను చూద్దామని...”

“చూద్దురుగాని. ముందు ఈ మూల పట్టుకోండి,” అన్నాను. ఎవరి నోట్లోనైనా చెయ్యిపెట్టే మనిషి, ఎందుకని అడక్కుండా పట్టుకున్నాడు. ముందున్నవాళ్ళం నడుస్తాం, వెనకున్నవాళ్ళు తాడు ఎటు లాగితే అటే రావాలి, సొంతంగా పక్కకి అడుగెయ్యకూడదు. నియమం అంతే.

నడిచాం. నాలుగు మూలలూ నలుగురి చేతుల్లో, మధ్యలో ఏమీ లేదు. అయినా నాకు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. నా వెనక పొయ్యి, ఆ వెనక బల్ల, ఇంకా వెనక పరుపు, పసుపు తెర. గోడల్లేని ఇల్లు మంచులో తేలుతూ వీధెంట పోతోంది. పాలబండి అబ్బాయి మమ్మల్ని చూసి, నిజం వ్యానుకిచ్చినట్టే పక్కకి తప్పుకుని దారిచ్చాడు. మేడ మీద ఎవరో కిటికీ తెరిచి, “ఎక్కడికండీ?” అన్నారు. “మలుపుదాకా,” అన్నారు వదినగారు. కిటికీ మళ్ళీ మెల్లగా మూసుకుంది, తాము చూసింది కలే అనుకున్నట్టు.

మందుల షాపు మూల వచ్చింది. నేను మా ఆయన తిప్పినట్టే, మూల కనబడగానే ఎడమకి తిరిగాను. వదినగారు స్తంభం దాటారు. డాక్టరు రోడ్డు మధ్యన హాయిగా వస్తున్నాడు. మా ఆయన్ని తాడు నేరుగా స్తంభం మీదికి లాక్కెళ్ళింది. ఆయన నియమం మీద నిలబడే మనిషి. పక్కకి అడుగెయ్యలేదు. భుజం వెళ్ళి స్తంభానికి తగిలింది.

“ఆగు, ఆగు! అప్పుడే తిప్పేస్తావేం? ఇంకా ముందుకెళ్ళి తిప్పాలి గదా! వెనక మనిషున్నాడని లేదా?”

డాక్టరు ఏదో అనబోతే వదినగారు కళ్ళతోనే ఆపేశారు. మా ఆయన స్తంభం వైపు చూశారు, తాడు వైపు చూశారు, భుజం తడుముకున్నారు. సరిగ్గా ఆయన భుజం ఆనిన చోటే వ్యాను రంగు అంటుకుని ఉంది.

“ఏదీ, నన్ను ముందుకి రానీ,” అన్నారు చివరికి.

మళ్ళీ నడిచాం. ఈసారి నేను వెనక ఎడమ. ఆయన మూల దగ్గర తిరగలేదు. స్తంభం దాటి, ఇంకా పోయి, ఎదుటి గోడని ఢీకొంటారేమో అనిపించేదాకా పోయి అప్పుడు తిరిగారు. తాడు నన్ను మెత్తగా తిప్పింది. స్తంభానికీ నాకూ మధ్య ఓ మనిషి పట్టేంత గాలి. ఆయన వెనక్కి తిరిగి చూశారు. నడిపేటప్పుడు ఆయన వెనక్కి చూడగా నేను చూడలేదెప్పుడూ. మళ్ళీ మళ్ళీ తిప్పారు, డాక్టరుకి చెమటలు పట్టేదాకా.

తర్వాత నిజం వ్యాను ఎక్కాం. ఎడమ అద్దంలో ఇన్నాళ్ళూ ఆకాశం, షాపుల బోర్డులు కనబడేవి. దాన్ని వెనక చక్రం కనబడేలా కిందికి వంచాను. ఆయన సీటు కింద దిండొకటి వేశాను, మూల పైనుంచి కనబడేలా. హారన్ ముట్టుకోవద్దన్నాను. వెనక బల్ల దగ్గర వదినగారూ డాక్టరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆవిడ అప్పుడే దవడ పన్ను చూపిస్తున్నారు.

మూల వచ్చింది. ఆయన పోనిచ్చారు. స్తంభం నా కిటికీ దాటింది, భుజం దాటింది. అప్పుడు తిప్పారు. అద్దంలో వెనక చక్రం స్తంభాన్ని పలకరించినట్టు పక్కనుంచి తప్పుకుంది. ఎక్కడా చప్పుడు లేదు. స్టీరింగు మీద ఆయన వేళ్ళు వదులయ్యాయి. మందుల షాపతను షట్టరు సగం ఎత్తి అలాగే నిలబడిపోయాడు.

ఊరు దాటాక రోడ్డు వెడల్పయింది. మంచు కరుగుతూ పొలాల మీదికి జారుతోంది. రెండు పక్కలా గడ్డి తడిగా మెరుస్తోంది. ఇది కళ్ళు సగం మూసుకుని చూస్తున్నది కాదని నాకు నేనే చెప్పుకోవాల్సొచ్చింది. చిన్న వాగు పక్కన ఆయన బండి ఆపారు. నేను పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టాను. తెర జరిపితే కిటికీ నిండా నీళ్ళు, వాటి మీద పొగమంచు, ఒంటికాలి మీద ఒక కొంగ.

“బండి బ్రహ్మాండంగా ఉందండీ,” అన్నాడు పళ్ళ డాక్టరు బల్లని ప్రేమగా నిమురుతూ. “మరి మాట ఖాయమేగా?”

నేను కొంగనే చూస్తున్నాను. తిరిగి చూస్తే నా మొహం మా ఆయనకి కనిపిస్తుంది. మాటిచ్చి తప్పిన మనిషి కాదు ఆయన. అదే నా భయం.

“డాక్టరుగారూ, మీకు మాటిచ్చిన మాట నిజమే,” అన్నారు మా ఆయన. వదినగారు నోరు మూసేసి, పన్ను సంగతి మర్చిపోయి తమ్ముణ్ణే చూస్తున్నారు.

“కానీ ఇది నేనొక్కణ్ణే అమ్మేది కాదు, ఆవిడ సరేనంటేనే ఖాయం. ఆవిణ్ణి అడగలేదు. నేను ఎటెళ్తే ఆవిడా అటే వస్తుందనుకున్నాను.” ఆయన నా వైపు తిరిగారు. గొంతు చిన్నదైంది గాని అందరికీ వినబడింది. “తప్పు నాదేనోయ్.”