అంచు లేని గుడ్డ

తెగిన పోగును పిచ్చేశ్వరరావు నాలుక కొసతో తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి ముడివేశాడు. ఆ పనికి కళ్ళు అక్కర్లేదు. యాభై ఏళ్ళుగా అతని వేళ్ళే చూస్తున్నాయి. ముడి బిగిశాక గుంటలో ఉన్న కాలితో పలక తొక్కాడు. పడుగు రెండుగా విడింది, నాడె ఇటు నుంచి అటు దూరింది, దెబ్బ పడింది. పెడనలో పొద్దున్న ఆరున్నర అయింది.

గుంట మగ్గం ముందు కూర్చున్న మనిషి నడుం దాకా నేలలోనే ఉంటాడు. అందుకని ఆ వీధిలో తిరిగేవాళ్ళలో సగం మందికి పిచ్చేశ్వరరావు పై సగమే తెలుసు. అరవై ఆరేళ్ళ ఆ పై సగం కూడా అంత చూడముచ్చటైనదేం కాదు. వెన్ను ముందుకు వంగిపోయింది. కుడి భుజం గట్టిపడి, ఎడమది జారిపోయింది. అరచేతులు పెంకుల్లా ఉంటాయి. అరికాళ్ళు మాత్రం ఎండ ఎరగని గుంటలో బతికినవి కాబట్టి తెల్లగా, మెత్తగా, పురిటిబిడ్డ కాళ్ళలా ఉంటాయి. ఆ కాళ్ళు చూసింది అతని భార్య అమ్మాజీ ఒక్కతే.

ఆ షెడ్డు షావుకారు మధుసూదనరావుది. మగ్గం మీద జానెడు గుడ్డ నేసిన పాపాన పోలేదు గానీ, మైకు దొరికితే చాలు, "మన చేనేత, మన సంస్కృతి" అనడంలో అతన్ని మించినవాడు బందరు నుంచి గుడివాడ దాకా లేడు. షెడ్డులో ఒకప్పుడు పదకొండు గుంటలు ఉండేవి. సంస్కృతి మీద ప్రేమ కొద్దీ పదింటిని మట్టితో పూడ్పించి, వాటి మీద పవర్‌లూం బట్ట బేళ్ళు పేర్పించాడు. పదకొండోది పిచ్చేశ్వరరావుది. అది ఇంకా మిగలడానికి కారణం ఒక సినిమా.

నిరుడు ఒక విదేశీ కంపెనీ వాళ్ళు, సినిమా గుంపు సీన్లలో తిరిగే మనుషులకు కట్టడానికి గళ్ళ గుడ్డ కావాలని అవనిగడ్డ కుర్రాడు అభిషేక్ ద్వారా కబురు పెట్టారు. అభిషేక్ హైదరాబాదులో ఉంటూ సినిమావాళ్ళకు బట్టలు సమకూరుస్తుంటాడు. స్కాట్లాండు అని ఒక దేశం ఉందట, ఇంగ్లీషువాళ్ళ కింద నలిగిందట, అక్కడి మగవాళ్ళు మోకాళ్ళ దాకా గళ్ళ గుడ్డ చుట్టుకుని "మా దేశం మాకు కావాలి" అని తిరగబడ్డారట. ఆ పాత కథని నవ్వులాటగా తీస్తున్నారట. అభిషేక్ ఇదంతా చెప్పి, ఏ రంగు పోగులు ఎన్నో రాసి ఉన్న కాగితం ఇచ్చాడు. అడుగున ఒక మాట విడిగా రాసి ఉంది. అంచు ఉండకూడదు.

పిచ్చేశ్వరరావు అన్నీ కాగితంలో ఉన్నట్టే నేసి, రెండు పక్కలా పన్నెండేసి ఎర్ర పోగులు పెట్టాడు. అంచు లేని గుడ్డ పీనుగు మీదకే పోతుందని అతని తండ్రి చెప్పాడు, తండ్రికి తాత చెప్పాడు. ఆ ఇంట్లో బతికున్న మనిషి కోసం అంచు లేని గుడ్డ ఎవరూ నేయలేదు. కాగితం రాసిన దొరలకు ఆ మాత్రం తెలియదు, పాపం, చిన్నప్పుడు చెప్పేవాళ్ళు లేక అనుకున్నాడు. గుడ్డ ఓడెక్కింది. నెల తిరిగేలోపల తిట్లు వస్తాయనుకుంటే ఏడాది దాటినా రాలేదు.

ఇప్పుడు ఆ సినిమా తెలుగు మాటలతో బందరుకి వచ్చింది. అందులో గుడ్డ బాగా కనబడితే రెండో సినిమా ఆర్డరు ఈ మగ్గానికే. లేకపోతే సోమవారం మట్టి ట్రాక్టరు వస్తుంది. షావుకారు ఈ మాట మూడు రోజులుగా నవ్వుతూనే చెబుతున్నాడు. రెండో సినిమాకి నమూనా నేయడానికి పడుగు కూడా మగ్గం మీదకి ఎక్కించేశారు. దానికీ పిచ్చేశ్వరరావు ఎర్ర పోగులు పెట్టేశాడు. పొద్దుట నుంచి నేస్తున్నది అదే.

"షావుకారు కారొచ్చింది. చొక్కా మార్చుకో," అంది అమ్మాజీ, కండెలు చుట్టే రాట్నం ఆపకుండానే.

"సినిమాకేగా. పెళ్ళికా?" అంటూనే గుంటలోంచి లేచాడు. లేవడానికి ఈ మధ్య రెండుసార్లు ప్రయత్నించాల్సి వస్తోంది. గట్టు పట్టుకుని కాసేపు రొప్పాడు. ఆమె చూడనట్టు రాట్నం తిప్పుతూ పోయింది.

బందరు హాల్లో పిచ్చేశ్వరరావు, షావుకారు, అభిషేక్‌లతో కలిపి పందొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళలో ఒక జంట తెర వైపు చూడటానికి వచ్చిన జంట కాదు. ఏసీ వేయలేదు. సినిమా పేరు 'మా గంట మాకే'. ఇంగ్లీషు రాజు సైన్యం స్కాట్లాండులో ఒక పల్లె గుడిలోని గంటను ఎత్తుకుపోతుంది, ఆ పల్లెవాళ్ళు లండను వెళ్ళి దాన్ని దొంగిలించి తెచ్చుకుంటారు, అదే వాళ్ళ స్వాతంత్ర్యం. మాటలు రాసిన మహానుభావుడు స్కాట్లాండు వాళ్ళందరికీ గోదావరి యాస పెట్టాడు. ఎర్ర గడ్డాల మనుషులు, ఒక్కొక్కడు తాటిచెట్టంత ఉన్నవాళ్ళు, మోకాళ్ళు ఆడిస్తూ "ఆయ్, మా గంట మాకిచ్చేయండి బాబూ" అంటున్నారు. దేశం కోసం పోరాడేవాడు ప్రతి రెండు నిమిషాలకీ బురదలో జారి పడుతున్నాడు. పడినప్పుడల్లా సన్నాయి వాయిస్తున్నారు.

మనకి రాష్ట్రాన్ని ఎన్నిసార్లు కలిపారో, ఎన్నిసార్లు చీల్చారో, ఒక్కసారీ ఎవడికీ నవ్వు రాలేదే అనుకున్నాడు పిచ్చేశ్వరరావు. దేశం కావాలని అడిగేవాడికి సిగ్గయినా ఉండాలి, గుడ్డయినా ఉండాలి. వీళ్ళకి రెండూ సగం సగమే. ఆ కట్టిన గుడ్డ కూడా మరలో నేసిందే. పోగు పోగూ ఒకేలా, చచ్చినట్టు ఉంది. తన గుడ్డయితే నాడె తిరిగిన చోట చెయ్యి తెలుస్తుంది. విశ్రాంతి వేళ దాకా కళ్ళు చికిలించి చూశాడు. గుంపులో లేదు, గుర్రాల మీద లేదు, గుడ్డివాడి జోలెగానైనా లేదు.

రెండో సగంలో కనబడింది. గంటను శవపేటికలో దాచి ఊరు దాటించాలి కాబట్టి, పల్లెలో ఒక ముసలాడు చచ్చినట్టు పడుకున్నాడు. అతని మీద కప్పారు. ఆకుపచ్చ, నీలం గళ్ళు, పక్కన సన్నటి ఎర్రంచు. పిచ్చేశ్వరరావు వేళ్ళు కుర్చీ చేతి మీద వాటంతట అవే కదిలాయి. కాపలా సైనికుడు పేటిక మూత తీసి తొంగి చూశాడు. ముసలాడు తుమ్మాడు, లేచి కూర్చున్నాడు, సన్నాయి మోగింది. పందొమ్మిది మందిలో ఏడుగురు నవ్వారు. గుడ్డ జారి కింద పడింది. సైనికుడు దాన్ని తొక్కుకుంటూ పారిపోయాడు.

"బాబాయ్ గారూ! మన గుడ్డే! చూశారా?" అన్నాడు అభిషేక్, ఏదో పతకం వచ్చినట్టు.

బయట టీ కొట్టు దగ్గర అసలు సంగతి చెప్పాడు. "ఆ ఎర్రంచు వల్ల మనుషులకి కట్టలేమన్నారండి వాళ్ళు. వాళ్ళ గుడ్డకి అంచుండదంట. పారేయడం ఎందుకని డెడ్‌బాడీ సీనుకి వాడేశారు. అయినా క్వాలిటీ నచ్చింది. రెండో సినిమాకి అంచు లేకుండా నేస్తే ఓకేనంట. సోమవారానికి శాంపిల్ ఫొటో పంపాలండి."

"విన్నావుగా పిచ్చేశ్వరరావూ," అన్నాడు షావుకారు. "నీ చాదస్తం పాడెక్కింది. ఇక దింపు. సోమవారానికి అంచు లేని జానెడు గుడ్డ కనబడిందా, నీ గుంట నీది. లేదా, ట్రాక్టరుకి చెప్పేసే ఉంచాను."

పిచ్చేశ్వరరావు టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఒకప్పుడు ఈ బందరు గుడ్డ కోసమే ఇంగ్లీషువాళ్ళు ఓడలు కట్టుకుని వచ్చారని మైకులో చెప్పేది ఈ షావుకారే. ఇప్పుడు ఒక ఫొటో కోసం వాళ్ళ ముందు చేతులు కట్టుకుంటున్నాడు. ఈ మాట అనాలని నోటి దాకా వచ్చింది. గుంట గుర్తొచ్చి మింగేశాడు. అలా మింగినందుకు అతనికి చాలా అసహ్యం వేసింది. షావుకారు మీద కంటే తన మీదే ఎక్కువ వేసింది.

రెండున్నరకి షెడ్డుకి చేరాడు. అమ్మాజీ ఎదురొచ్చింది.

"కనబడిందా?"

"కనబడింది. చచ్చినవాడికి కప్పారు."

ఆమె ముఖం వాడిపోయింది.

"వాడు లేచి కూర్చున్నాడులే," అన్నాడు. "అంచున్న గుడ్డ కదా. లేవక చస్తాడా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను నవ్వలేదు. అన్నం వద్దని, గుంటలోకి దిగి, పడుగుకి రెండు పక్కలా ఉన్న ఎర్ర పోగులను ఒక్కొక్కటిగా తెంపి లాగడం మొదలుపెట్టాడు. ఇరవై నాలుగు పోగులు. లాగినదాన్ని లాగినట్టు వేళ్ళకి చుట్టుకుంటూ పోయాడు. అమ్మాజీ నవ్వు ఆపేసింది.

"ఏంటయ్యా అది?"

"గుంట ఉండాలా వద్దా?"

ఆమె రాట్నం దగ్గరికి పోయి కూర్చుంది.

అంచు లేకపోతే గుడ్డ అంత తేలిగ్గా ఊరుకోదు. పక్కన పట్టి ఉంచే గట్టి పోగులు లేక, నాడె తిరిగిన ప్రతిసారీ లోపలికి ముడుచుకుంటుంది. పిచ్చేశ్వరరావు ఒక్కో దెబ్బకీ ఆగి, చేత్తో సరిచేసి, మళ్ళీ వేశాడు. రెండు పక్కలూ కాగితంలో అడిగినట్టే వచ్చాయి. వంక పెట్టడానికి లేదు. తన చేతుల్లోంచి ఇంత చక్కటి దరిద్రం వస్తుందని అతను ఎప్పుడూ అనుకోలేదు.

నాలుగింటికి మగ్గం చప్పుడు ఆగింది.

చప్పుడు ఆగితే పోగు తెగిందనుకోవడం అమ్మాజీకి నలభై ఏళ్ళ అలవాటు. పోగు ముడివేసేదాకా పలకరించకూడదు, లెక్క తప్పుతుంది. అందుకని ఆమె తన పని తను చేసుకుంటూ పోయింది. ఒక కండె చుట్టింది. రెండో కండె కూడా చుట్టింది. మూడోది ఎక్కించబోతూ, ఇంత పెద్ద ముడి ఏముంటుందని తల తిప్పి చూసింది. అతను, నేసిన గుడ్డ చుట్టుకునే దోనె మీదకి వాలి ఉన్నాడు, చెంప గుడ్డకి ఆనించి, ఏదో వింటున్నట్టు. నాడె చేతిలోనే ఉంది.

గుంటలోంచి తీయడానికి నలుగురు కావాల్సి వచ్చింది. అప్పుడు చూశారు వీధివాళ్ళు అతని కాళ్ళు.

కొట్టు నుంచి తెల్ల గుడ్డ తెచ్చారు. అమ్మాజీ దాన్ని పక్కకి తోసి, ఇంట్లోంచి ఎర్రంచు పంచె తెచ్చి మెడ దాకా కప్పింది.

"ఇది బతికున్నోళ్ళకి కప్పేదమ్మా," అన్నాడు కులపెద్ద కాంతారావు, మెల్లగానే.

"తెలుసండి," అంది ఆమె. "ఒక్క గంట ఉంచండి."

ఆమె దేనికోసం ఎదురుచూస్తోందో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. గంట ఉంచారు. మర్యాదకి ఇంకో పావుగంట కూడా ఉంచారు. తర్వాత పంచె తీసేశారు.

మర్నాడు షావుకారు, అభిషేక్ పరామర్శకి వచ్చి, పనిలో పనిగా షెడ్డులోకి వెళ్ళారు. మగ్గం మీద, ముందురోజు పొద్దున నేసిన ఎర్రంచు ముక్క అయ్యాక, కొత్తది జానెడు కంటే కాస్త ఎక్కువే ఉంది. అభిషేక్ వంగి రెండు పక్కలా చూశాడు. "అంచు లేదు. పర్ఫెక్టండి," అంటూ ఫొటో తీసి అక్కడి నుంచే పంపించాడు. జవాబు పది నిమిషాల్లో వచ్చింది. వాళ్ళకి చాలా నచ్చింది. షావుకారు కళ్ళు తుడుచుకున్నాడు, "మహానుభావుడు, పోతూ పోతూ ఆర్డరు తెచ్చిపెట్టాడు," అన్నాడు. నేసేవాడు లేడు కాబట్టి ఆ జానెడూ కత్తిరించి, దాన్ని చూసి నేయమని పవర్‌లూముకి పంపించాడు.

సోమవారం ట్రాక్టరు వచ్చింది. మట్టి పోసే మనిషి ముందు పలకలు పీకి, దోనె తీసి, తాళ్ళు చుట్టి ఓ మూల పడేశాడు. గుంట గట్టు మీద, కూర్చున్న మనిషి ఎడమ చేతికి అందే చోట, విప్పితే మళ్ళీ వాడుకునేలా పొందిగ్గా చుట్టిన ఎర్ర నూలు ఉండ ఒకటి ఉంది, నిమ్మకాయంత.