నలభై ఒకటో పేజీలోని కొండ

గ్రంథకర్తగారు జీవితంలో సైకిలు మీద ఎక్కిన అతి పెద్ద ఎత్తు, తన ఇంటి గేటు ముందున్న సిమెంటు వాలు. అది కూడా రెండో ప్రయత్నానికి. అయినా సముద్రం ఒడ్డునే సైకిలు మీద ఎలా తిరగాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగి నిట్టూర్చాలో చెబుతూ ఆయన రాసిన పుస్తకం ఆరు ముద్రణలు పొందింది. అట్ట మీద ఆయన సైకిలు హ్యాండిల్ పట్టుకుని దూరంగా చూస్తూ ఉంటారు. ఆ సైకిలు పక్కింటికి పేపరు వేసే మనిషిది. దూరంగా చూస్తున్నది సైకిలు గలవాడు వచ్చేస్తున్నాడేమోనని.

పుస్తకంలోని నలభై కిలోమీటర్ల దారినీ ఆయన కారులో కూర్చునే చూశారు. భార్యకు డ్రైవింగ్ స్కూలు ఉంది. ఒక సెలవు రోజున ఆవిడ స్కూలు కారు నడుపుతుంటే, ఈయన పక్కన కూర్చుని ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని రాశారు. నేర్పేవాళ్ళ కోసం ఆ పక్క సీటులోనూ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు ఉంటుంది. ఎదురుగా లారీ కనబడినప్పుడల్లా ఆయన దాన్ని గట్టిగా నొక్కేవారు. ఆ ప్రయాణం మొత్తంలో ఆయన తొక్కిన పెడలల్లా అదొక్కటే.

"ఇక్కడ ఉప్పుగాలి మీ చెంప నిమురుతుంది" అని పద్దెనిమిదో పేజీలో రాసినప్పుడు కారు అద్దాలు మూసి, ఏసీ వేసి ఉంది. పద్నాలుగో కిలోమీటరు దగ్గర భోజనం చేశారు. భోజనం బాగుంది. బాగుండబట్టే సీటు వెనక్కి వాల్చుకుని గుర్రు పెట్టారు. కళ్ళు తెరిచేసరికి కారు ఇరవై ఒకటో కిలోమీటరు దగ్గర ఉంది.

"మధ్యలో ఏముంది?" అని భార్యను అడిగారు.

"కొండ ఉందండీ. రెండో గేరు దాటితే ఒట్టు. పదకొండు మలుపులు."

"మీ స్కూలు కారుకి మన గేటు ముందున్న వాలు కూడా కొండే. రాసేది నువ్వా, నేనా?" అన్నారాయన.

ఆవిడ గేరు మార్చింది. ఆయన కలం తెరిచి తరువాత నలభై ఒకటో పేజీకి చేరిన ఈ మాటలు రాసుకున్నారు: "ఇక్కడి నుంచి ఏడు కిలోమీటర్లు దారి చదును. పెడలు మీద కాలు ఆనించి ఉంచితే చాలు, సముద్రమే మిమ్మల్ని తోసుకుపోతుంది."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మూడేళ్ళపాటు అతుక్కునే ఉంది.

మూడేళ్ళ తరువాత పర్యాటక కార్యాలయంలోని అధికారిణి ఆయన్ను పిలిపించింది. పుస్తకాన్ని కార్యాలయమే కొత్తగా అచ్చు వేస్తుందట. ఆ సందర్భంగా పాఠకులను వెంటబెట్టుకుని ఆయనే ముందుండి ఆ దారిలో సైకిలు తొక్కాలట. "అది చక్కగా జరిగిందంటే సార్, మొత్తం తీరం మీద పెద్ద పుస్తకం మీకే. నాలుగు వందల కిలోమీటర్లు. పైవాళ్ళతో మాట్లాడేశాను" అంది.

ఆ పెద్ద పుస్తకం కోసం ఆయన ఎన్నాళ్ళుగానో కలలు కంటున్నారు. దానికి ముందుమాట కూడా అప్పుడే రాసి పెట్టుకున్నారు. సరేనని వచ్చేశారు. ఆరు వారాల గడువుంది. ఇంకొకరైతే రోజూ పొద్దున్నే లేచి సైకిలు తొక్కి కాళ్ళు సాధన చేసుకునేవారు. ఈయన అలా కాదు. దారి ఎంత కష్టమో తెలుసుకుందామని తన పుస్తకమే తీసి మొదటి నుంచి చివరిదాకా చదివారు. చదివి చాలా ధైర్యం తెచ్చుకున్నారు.

"కాస్త తొక్కి చూసుకోకూడదూ?" అంది భార్య.

"అంతా చదునే. చదవలేదా?" అన్నారు.

అనుకున్న రోజుకు పద్నాలుగు మంది పాఠకులు వచ్చారు. అందరి సంచుల్లోనూ పుస్తకం ఉంది. వాళ్ళలో ఒక లేడీస్ టైలరు ఉంది, అరవైకి దగ్గర పడిన మనిషి. తన పుస్తకానికి పూల గుడ్డతో అట్ట కుట్టుకుంది. అంచులకు కాజా కుట్టు కూడా వేసింది. భార్య స్కూలు కారులో ట్యూబులు, మంచినీళ్ళు వేసుకుని వెనకాలే బయలుదేరింది. అధికారిణి కెమెరా పట్టుకుని ముందుగానే వెళ్ళిపోయింది.

మొదటి పది కిలోమీటర్లు గ్రంథకర్తగారు పెళ్ళికొడుకులా ముందు సాగారు. ఆయాసం వచ్చినప్పుడల్లా చెయ్యెత్తి అందరినీ ఆపి, "ఈ దృశ్యం చూడండి" అనేవారు. ఒకసారి ఆపిన చోట దృశ్యం లేదు, పడవల రంగుల గోదాము గోడ ఉంది. దాన్ని కూడా అందరూ భక్తిగా చూశారు. పద్దెనిమిదో పేజీ దగ్గర ఒకాయన పుస్తకం తెరిచి పైకి చదివాడు. నిజంగానే ఉప్పుగాలి వచ్చి ఆయన చెంపకు కొట్టుకుంది. గ్రంథకర్తగారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత బాగా రాశాననుకున్నారు.

పద్నాలుగో కిలోమీటరు దాటగానే రోడ్డు లేచి నిలబడింది.

సముద్రం ఎడమ పక్కన ఎక్కడో కిందికి పోయింది. కుడి పక్కన ఎర్రరాతి గోడ. పైన మలుపు, ఆ మలుపు పైన ఇంకో మలుపు. గ్రంథకర్తగారు సైకిలు ఆపారు. దిగిపోయి, టైరు వంక చూస్తున్నట్టు వంగారు. వెనకాలే ఒక్కొక్కరూ దిగి, రొప్పుతూ నిలబడ్డారు.

విచిత్రమేమిటంటే ఎవరూ పుస్తకాన్ని ఒక్క మాటా అనలేదు.

"నేనే సరిగ్గా తొక్కడం లేదు సార్" అన్నాడొకాయన.

"నా సైకిలే మంచిది కాదు. పుస్తకంలో చదునని స్పష్టంగా ఉందిగా" అంది ఇంకొకావిడ.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ గ్రంథకర్తగారికి ఆ మాటలతో ప్రాణం లేచొచ్చింది. మనుషులు ఎంత మంచివాళ్ళు! గొంతు సవరించుకున్నారు. "చూడండి, ఎత్తుపల్లాలనేవి మనసులో ఉంటాయి. ఆ రోజుల్లో నాకు బాగా సాధన ఉండేది. నాకైతే ఇది చదునుగానే అనిపించింది" అన్నారు.

అందరూ అభిమానంగా తలలూపారు. వెనక కారులో భార్య ఒకసారి హారను కొట్టింది. ఎదురుగా బండ్లేవీ లేవు.

టైలరమ్మ ముందుకొచ్చింది.

"నిజమే అయ్యుంటుంది సార్. మీకు చదునే. నేను దీన్ని తొమ్మిదిసార్లు ఎక్కబోయాను. ఒక్కసారీ రెండో మలుపు దాటలేకపోయాను. ముప్పై ఏళ్ళు మిషను తొక్కిన కాళ్ళు సార్ ఇవి, చదును మీద ఆడటం లేదంటే ఏదో రోగమే అనుకున్నా. డాక్టరు దగ్గరికెళ్ళాను. గుండెకి, ఎముకలకి, అన్నిటికీ పరీక్షలు చేశారు. ఏమీ లేదన్నారు. చెప్పట్లేదు కానీ ఏదో ఉందనుకున్నాను. మా ఆయన, 'నీ పని అయిపోయింది, ఇంట్లో కూర్చో' అన్నాడు. పోయినేడు మిషనుకి మోటారు పెట్టించేశాను." ఆవిడ తన మోకాళ్ళ వంక చూసుకుంది. "మీరెలా తొక్కుతారో ఒక్కసారి చూద్దామని వచ్చాను. మీరు ఎక్కండి సార్, మేం చూస్తాం."

ఎగతాళి లేదు ఆ మాటలో. ఉంటే ఆయన తప్పించుకునేవారే. అందరూ గౌరవంగా పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

ఆయన ఎక్కారు. పళ్ళు బిగించి తొక్కారు. ముప్పై గజాలు పోయేసరికి హ్యాండిల్ పాములా మెలికలు తిరిగింది. ఇంకో పది గజాలకు సైకిలు ఆగిపోయి, వెనక్కి జారి, ఆయన్ను తీసుకెళ్ళి ఎర్రమట్టిలో కూలేసింది. ఎవరూ నవ్వలేదు. టైలరమ్మ పరుగున వచ్చి చెయ్యి ఇచ్చి లేపింది. మోటారు పెట్టించుకున్న మనిషి చెయ్యి ఇనుములా ఉంది. ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది ఆయనకు.

"మీ కాళ్ళకేమీ కాలేదమ్మా," అన్నారు. "ఇది కొండ. నేను దీన్ని చూడలేదు. ఇక్కడ కారులో నిద్రపోయాను."

టైలరమ్మ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నారు. తిట్టినా బాగుండేది. ఆవిడ పూల అట్ట పుస్తకం తీసి, నలభై ఒకటో పేజీ విప్పి, కలం చేతిలో పెట్టింది.

"ఆ మాట ఇక్కడ రాసి సంతకం పెట్టండి. మా ఆయనకి చూపించాలి."

రాశారు. "ఇక్కడ కొండ ఉంది. నేను నిద్రపోయాను." కింద సంతకం. తలెత్తేసరికి ఆవిడ వెనక మిగతా పదముగ్గురూ పుస్తకాలు విప్పుకుని వరసలో నిలబడి ఉన్నారు.

పై మలుపు దగ్గర కాచుకుని విసిగిపోయిన అధికారిణి అప్పుడే కిందికి దిగివచ్చింది. కొండ మొదట్లో సంతకాల కోసం బారులు తీరిన పాఠకులను చూసి పొంగిపోయింది. టపటపా ఫోటోలు తీసింది. "అద్భుతం సార్! కొత్త అట్ట మీద ఇదే వేద్దాం" అంటూ బ్యాగులోంచి కార్యాలయం ప్రతి తీసింది. "ఇది రేపు ప్రెస్సుకి పంపేస్తున్నాం. దీని మీద కూడా నాలుగు మంచి మాటలు రాసివ్వండి. ఆ పెద్ద పుస్తకం ఇక మీదే అనుకోండి."

గ్రంథకర్తగారు మొదటి పేజీ తెరిచారు. తెల్లగా, ఖాళీగా, దయగా ఉంది. "శుభాకాంక్షలతో" అని రాస్తే సరిపోతుంది. కలం కాగితానికి ఆనించారు. పక్కన టైలరమ్మ తన పుస్తకం మీద తడి ఆరడానికి ఊదుకుంటోంది.

ఆయన పేజీలు తిప్పి నలభై ఒకటి దగ్గర ఆపారు. రెండు వాక్యాలూ రాసి, సంతకం పెట్టి ఇచ్చేశారు. అధికారిణి చదివింది. మళ్ళీ చదివింది. కొండ వైపు చూసి, ఆయన వైపు చూసి, కెమెరాకు మూత పెట్టేసింది.

కొండ పైకి తోసుకుంటూ వెళ్ళడానికి పాఠకులు సైకిళ్ళు అటు తిప్పుకున్నారు. టైలరమ్మ మాత్రం పదోసారి ఎక్కి తొక్కడం మొదలుపెట్టింది. గ్రంథకర్తగారు మోచేతి మట్టి దులుపుకుంటూ కారు దగ్గరికి వెళ్ళి, పక్క సీటు తలుపు మీద చెయ్యి వేశారు. తాళం పడి ఉంది. భార్య అద్దం దించింది.

"వద్దండీ, ఎక్కితే మళ్ళీ నిద్రపోతారు. ఇంకా ఆరున్నర కిలోమీటర్లుంది, చూసుకుంటూ రండి" అంది.