జోరీ చీలమండ

వలలోంచి జారిన బంతి నేలను తాకకముందే రెనీటా అందుకుని జోరీ చేతుల్లోకి విసిరింది. మళ్ళీ రింగు, మళ్ళీ వల, మళ్ళీ విసరడం. మిగతా పిల్లలు రాకముందు పొద్దున్నే ఈ ఇద్దరిదీ ఇదే పని. జోరీ కుడి చీలమండ బెణికి నెల దాటింది. అది బాగుపడటానికి సాయం చేస్తున్నది రెనీటా. అది బాగుపడిన రోజున ఇంటికి పోవలసినదీ రెనీటాయే.

ఈ అమెరికా ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగులో అదొక నియమం. ఆడగలిగినవాళ్ళు తక్కువైతే జట్టు బయటినుంచి ఒకరిని తెచ్చుకోవచ్చు. దెబ్బ తగిలినామె లేచి నిలబడగానే తెచ్చుకున్నామెను పంపెయ్యాలి. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని మనం తిట్టుకుంటాం. ఇక్కడ తగలేస్తామని ముందే చెప్పి సంతకం చేయించుకుంటారు.

టొలీడో జట్టు పేరు కొంగలు. ఈ వేసవంతా ఒంటికాలి మీద నిలబడ్డమే తప్ప చేప చిక్కింది లేదు. పట్టికలో అట్టడుగున ఉన్నాయి. ఆదివారం సొంతగడ్డ మీద చివరి ఆట, దాంతో సీజన్ సమాప్తం. ఆ రోజు ఆట ముగిశాక ఒక్కొక్కరినే పేరు పెట్టి మైకులో పిలుస్తారు. పిలిచినామె మైదానం మధ్యకు వచ్చి చెయ్యి ఊపి, ఒంటిమీది చొక్కా విప్పి జనంలో ఏ చిన్నపిల్లకో ఇస్తుంది.

రెనీటా పేరు అలా ఎన్నడూ పిలవలేదు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. ఆరడుగులకు అంగుళం తక్కువ, మోకాళ్ళ దాకా వేలాడే చేతులు, విరిగి వంకరగా అతుక్కున్న చిటికెన వేళ్ళు. ముందు పన్ను పోలండులో ఊడింది, రుమేనియాలో కట్టించుకుంది. చలికాలాలు ఆ దేశాల్లో ఆడుతుంది. వేసవుల్లో పైన్ బ్లఫ్‌లో అక్క ఇంట్లో ఫోను పక్కన పెట్టుకుని పడుకుంటుంది. ఎక్కడో ఎవరికో కాలు బెణికితే ఆ ఫోను మోగుతుంది. ఇలా ఆరు జట్లు చూసింది, ఏ జట్టులోనూ ఆఖరి రోజు దాకా లేదు. ఈసారి ఉండాలని ఆమె కోరిక. ఇంతేనా అంటే, ఇంతే. వచ్చే ఏడు ఫోను మోగదని ఆమెకు తెలుసు.

"ఆంటీ, రాత్రి నిద్ర పట్టలేదు," అంది జోరీ. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఊళ్ళో గోడలన్నిటి మీదా దాని బొమ్మే.

"ఎందుకే? ఆ తలమాసిన డ్రమ్ములవాడు మళ్ళీ ఫోన్ చేశాడా?"

"వాడి గోల కాదు. ఇవాళ గ్వెన్ నా కాలికి పరీక్ష పెడుతుందట. నొప్పి పోయింది ఆంటీ. నేను బాగున్నానంటే నిన్ను..."

"నేను పోయి మా అక్క చేసే చేపల వేపుడు తింటాలే. నీ కాలు సంగతి నువ్వు చూస్కో."

జోరీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇంకా నొప్పెడుతోందని చెప్తా. ఆదివారం దాకానేగా! ఎలాగూ మనం అట్టడుగునే ఉన్నాం. వచ్చే ఏడు ఆడుకుంటా. నాకింకా బోలెడు ఏళ్ళున్నాయి."

ఆఖరి మాట రెనీటాకు చురుక్కుమంది. వద్దనాలి. పెద్దదానిగా అనవలసింది అదొక్కటే. తీరా నోరు తెరిస్తే, "మరీ ఎక్కువ కుంటకు, గ్వెన్ కనిపెట్టేస్తుంది," అని వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది. సిగ్గుతోపాటు సంతోషం కూడా వేసింది. చిన్నపిల్ల దగ్గర బిచ్చమెత్తుకున్న సంతోషం.

మధ్యాహ్నం అందరి ముందూ ఫిజియో గ్వెన్ పరీక్ష పెట్టింది. జోరీ బాగానే నటించింది. గెంతమంటే మూతి వంకర పెట్టింది, చీలమండ నొక్కితే అబ్బా అంది.

"దిగేటప్పుడు పోటు వస్తోందా?"

"కొంచెం."

గ్వెన్ నిట్టూర్చింది. "సరే, ఈ వారానికి వదిలెయ్. ఆ చివర కాసేపు మెల్లగా కదులు, బిగుసుకుపోకుండా."

రెనీటా గుండెల మీంచి బండ దిగింది. సాధన ఆట మొదలైంది. బంతి ఆమె చేతికొచ్చింది. ఎదురుగా ఇద్దరు అడ్డం. వాళ్ళ వెనక గీత వెంట ఏదో కదిలింది. అది ఎవరని చెయ్యి ఆమెను అడగలేదు. చిన్నప్పటినుంచీ ఖాళీ కనిపిస్తే బంతి వదలడమే ఆ చేతికి తెలుసు. బంతి ఇద్దరి తలల మీదుగా, రింగు పక్కకు, ఎగిరినవాళ్ళకు తప్ప అందని ఎత్తుకు వెళ్ళింది.

జోరీ ఎగిరింది. గాల్లోనే పట్టి, గాల్లోనే వేసి, కుడికాలి మీద పువ్వులా దిగి, పకపకా నవ్వుతూ అదే కాలిమీద ఇంకో గెంతు గెంతింది. పిల్లలంతా కేకలు పెట్టారు. కోచ్ ట్రూడీ చప్పట్లు కొట్టి, "ఏం పాసే తల్లీ రెనీటా! ఈ వేసవంతా ఇలాంటిది చూళ్ళేదు," అంది.

అప్పుడు గ్వెన్ నోట్లోంచి విజిల్ తీసింది. జోరీకి గుర్తొచ్చి ముఖం పాలిపోయింది. గబగబా నాలుగడుగులు కుంటింది. ఎడమకాలితో.

ఎవరో కిసుక్కుమన్నారు. రెనీటా కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడవాలి.

సాధన ముగిశాక అలవాటు ప్రకారం రెండు మోకాళ్ళకూ మంచు సంచులు పెట్టి ప్లాస్టిక్ చుట్టుకుని దుస్తుల గదిలో కుర్చీ మీద కూర్చుంది. గ్వెన్ గుమ్మం దగ్గర నిలబడి, "కోచ్ పిలుస్తోంది. బ్యాగు కూడా తెచ్చుకో," అంది. బ్యాగు మాట చేరిస్తే ఇక అడగాల్సింది ఏమీ ఉండదు. రెనీటా ప్లాస్టిక్ విప్పుకుని లేచింది.

కోచ్ గదిలో ఎంతోసేపు పట్టలేదు. "నీలాంటి మనిషి దొరకదు. వచ్చే వేసవి తప్పకుండా ఫోన్ చేస్తాం," అంది ట్రూడీ, కిటికీ వైపు చూస్తూ.

"అలాగే కోచ్."

బయట జోరీ ముక్కు ఎగబీలుస్తూ నిలబడి ఉంది. "మర్చిపోయా ఆంటీ. నీ మీదొట్టు. గాల్లో ఉన్నప్పుడు ఏదీ గుర్తులేదు."

"ఊరుకోవే. ముందు నేను మర్చిపోయాను కదా, తర్వాతే నువ్వు." రెనీటా దాని తల నిమిరింది. "ఆదివారం బాగా ఆడు."

బస్‌స్టేషనుకు పోయే టాక్సీలో ఏడ్చింది. పంపేశారని కాదు. అలవాటే. తన బతుకులో అంత చక్కటి పాస్ ఇచ్చి ఎన్నేళ్ళయిందో. ఇకమీద ఇచ్చినా అందుకునేవాళ్ళు ఉండరు. జబ్బలో సత్తువ ఇంకా ఉంది, ఏం చేసుకుంటుంది దాన్ని? పైన్ బ్లఫ్‌లో అక్క పనిచేసే వృద్ధాశ్రమంలో ముసలమ్మలను మంచం మీంచి లేపడానికి పనికొస్తుంది.

దుస్తుల గదిలో పిల్లలందరూ వెళ్ళిపోయారు. ఆమె కూర్చున్న కుర్చీ మీద రెండు మంచు సంచులు మోకాళ్ళ గుంటలతో అలాగే ఉన్నాయి, ఇంకా సగం కూడా కరగలేదు.