బోల్టులు బిగించిన గడియారం

బోల్టులట, చేతికి కట్టుకునే వాచీకి బోల్టులు, నాలుగు మూలలా నాలుగు, ఇంకా నయం పక్కనే ఓ రెంచి కూడా వేలాడదీయలేదు, అనుకుంది మిరేయ్ గాజు పెట్టె ముందు కోటు విప్పకుండా నిలబడి, బయట మంచు కురుస్తోంది, ఆమె బూట్ల నుంచి కరిగిన నీళ్ళు కొత్త చెక్క నేల మీద మడుగు కడుతున్నాయి, కట్టనీ, ఈ చెక్క కింద నూనె తాగి నల్లబడ్డ సిమెంటు ఉందని ఇక్కడ వైను తాగుతున్న వాళ్ళలో ఎవరికి తెలుసు, సరిగ్గా ఈ పెట్టె ఉన్న చోటే నాన్న ప్రెస్సు ఉండేది, స్టీలు రేకుని ఒక్క దెబ్బతో వాచీ కేసుగా మార్చేది, దాని దెబ్బకి పక్కవీధి ఇళ్ళలో అల్మరాలోని కప్పులు గలగలలాడేవి, ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు తియెరీ గారి ప్రదర్శనశాల, తియెరీ గారు, ఆమె తమ్ముడు, చిన్నప్పుడు ఈ గుమ్మం దగ్గరికి తీసుకొస్తే చాలు రెండు చెవులూ మూసుకుని ఏడ్చి అమ్మ గౌను పట్టుకుని ఇంటికి లాక్కుపోయేవాడు, వాడు తయారుచేశాడు ఫ్యాక్టరీ లాంటి గడియారం.

నీలం సూటు పిల్ల ఒకతె పళ్ళెం చాచింది, వైను తీసుకోండి మేడమ్, మన సరస్సు ఒడ్డు ద్రాక్షదే, వద్దమ్మా, అంది మిరేయ్, పక్కన జెనీవా నుంచి వచ్చిన పత్రికావిడ నవ్వుతూ పలకరించింది, మీరు కూడా గడియారాల వాళ్ళేనా అని, కాదమ్మా, మేం స్టాంపులు అంటించే వాళ్ళం, పోస్టాఫీసు, అనేసరికి ఆవిడ నవ్వు ముఖం మీద అలాగే నిలిచిపోయింది, బాగా అయింది, అనుకుంది, గోడ నిండా నాన్న ఫోటో, ఎక్కణ్ణుంచి ఏరి పట్టుకొచ్చాడో, రెండు చేతులూ కోటు జేబుల్లో ఉన్నది, కింద పెద్ద అక్షరాల్లో తండ్రి చేతులకు కొడుకు వందనం, చేతులేవిరా వెధవా, చేతులు జేబులో దాచిన ఫోటో పెట్టి చేతులకు వందనమా, కుడిచేతి రెండు వేళ్ళు ప్రెస్సు తినేసిన సంగతి ఈ సూట్లవాళ్ళకి చెప్పావా, ఆ శీతాకాలమంతా నాన్న పళ్ళెంలో సాసేజి ముక్కలుగా కోసిపెట్టింది ఎవరు, నువ్వా, అప్పుడు నీకు ఆ చెయ్యి చూస్తేనే భయం, బల్ల అవతలి కొసన కూర్చునేవాడివి.

వాచీ మాత్రం, ఛీ, చూడకూడదనుకుంటూనే చూస్తోంది, గుండ్రంగా లేదు, మందపాటి స్టీలు పలక, గీకి వదిలేసినట్టు గరుకుగా, డయలు మీద పన్నెండు అంకెలు లేవు, బాయిలరు మీద ఉండే ప్రెషర్ మీటరులా ఒకటే ముల్లు, తెలుపులోంచి ఎరుపులోకి మెల్లగా ఎక్కుతుంది, గంట నిండగానే టక్కున వెనక్కి పడుతుంది, గంటల అంకె పక్కన చిన్న కిటికీలో మారుతుంది, కీ ఇవ్వడానికి పక్కన బుడిపె లేదు, చిన్న పిడి, ప్రెస్సు పిడిలా కిందికి లాగేది, పట్టీ కూడా యంత్రాన్ని తిప్పే నల్ల బెల్టు ముక్కలాంటిదే, దొంగ, ప్రతి ముక్కా ఇక్కణ్ణుంచి ఎత్తుకుపోయాడు, ఆ పిడి ఎలా ఉంటుందో వాడికేం తెలుసు, తనకి తెలుసు, శనివారాలు నాన్నకి భోజనం డబ్బా తెచ్చినప్పుడు ఒకసారి, ఇంకా నాన్న వేళ్ళు పోకముందు, లాగవే చూద్దాం అన్నాడు, రెండు చేతులతో వేలాడి లాగింది, నేల కదిలింది, భుజంలోంచి మడమ దాకా ఏదో దిగింది, వేడి నూనె వాసన, రేకులోంచి మెరుస్తూ ఊడిపడిన కేసు, ఆ రాత్రి నిద్రే పట్టలేదు, బడి అయిపోయాక నాన్నా నేనూ ఫ్యాక్టరీకి వస్తానంది, వద్దన్నాడు, అప్పటికి వేళ్ళు పోయాయి, పాపం కూతురి వేళ్ళు కూడా పోతాయేమోనని భయపడ్డాడు, ఏ తండ్రికి ఉండదు, అందుకని తను పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుంది, జుట్టు నెరిసేదాకా, తమ్ముడేమో గడియారాల బడికి, అక్కణ్ణుంచి ఇటలీకి, గీతలు గీయడం నేర్చుకోవడానికి, అన్నీ వాడికి కలిసొచ్చాయి, కలుపుకున్నాడు.

ఇంతలో చప్పట్లు, తియెరీ మైకు ముందు నిలబడ్డాడు, బట్టతల మీద దీపాలు మెరుస్తున్నాయి, ఈ గడియారానికి మా నాన్న పేరు పెట్టాను, జెర్మెన్, అన్నాడు, మొదటిది మా అక్క చేతికి కట్టాలి, రా అక్కా, అందరూ ఆమె వైపు తిరిగారు, దీని కోసమే కదా వచ్చింది, దారి పొడుగునా మంచులో జారకుండా నడుస్తూ నోట్లో నూరుకున్న మాట ఇదే కదా, వేదిక ఎక్కింది, మైకు తనవైపు లాక్కుంది, మా తమ్ముడు చెప్పడం మర్చిపోయాడు, ఇక్కడుండే ప్రెస్సు మా నాన్న రెండు వేళ్ళు తినేసింది, ఆయన చచ్చేదాకా ఎవరికీ కుడిచెయ్యి చాచి షేక్ హ్యాండ్ ఇవ్వలేదు, దాన్ని మీరు బొమ్మ చేసుకుని మణికట్టుకి కట్టుకుంటారట, కట్టుకోండి, సుఖపడండి, అంది, పత్రికావిడ రాసుకోవడం మానేసింది, ఇప్పుడు చెప్పరా, ఇప్పుడు నవ్వు.

తియెరీ నవ్వలేదు, కోప్పడనూ లేదు, మైకు పక్కకి తిప్పి ఆమె చెయ్యి పట్టుకుని పట్టీ బిగించడం మొదలుపెట్టాడు, తెలుసక్కా, అన్నాడు ఆమెకొక్కదానికే వినపడేలా, ఇంకా తిట్టు, ఇక్కడే తిట్టు, పడతాను, కానీ ఒకటి విను, గడియారాల బడికి నాన్న నన్ను పంపుతానన్నప్పుడు నేను వెళ్ళనన్నా, నాకా మోత అంటే భయం నాన్నా, అక్కని పంపు, దానికి ఇష్టం అన్నా, ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, వాడు వదల్లేదు, అబద్ధం, అంది, నీకు అబద్ధాలు కొత్తా, అమ్మ కూడా అక్కడే ఉందక్కా, ఆవిడ పోయింది కాబట్టి నువ్వు నమ్మకపోయినా నేనేం చెయ్యలేను, నాన్న ఏమన్నాడురా, అంది, వేళ్ళ గురించి అన్నాడా, భయం అన్నాడా, తియెరీ తల అడ్డంగా ఊపాడు, పట్టీ కొస లూపులో దోపుతూ, అదేం లేదక్కా, దానికెందుకురా బడి, పెళ్ళి చేసుకు పోయేదానికి, అన్నాడు నాన్న, పేపరు చదువుకుంటూ అన్నాడు, తలెత్తనైనా లేదు.

చేతి మీద బరువు, చల్లటి స్టీలు మెల్లగా వెచ్చబడుతోంది, అంతలో ముల్లు ఎరుపు కొసకి చేరి టక్కుమని వెనక్కి పడింది, దెబ్బ ఎముకలోకి దిగింది, ఎంత చిన్నదైనా అదే దెబ్బ, ఆమె భుజం దానంతటదే కిందికి వంగింది, బాగా చేశాడు వెధవ, ఎంత బాగా చేశాడు, ఈ సంగతి ముందే తెలుసు తనకి, పెట్టె ముందు నిలబడ్డప్పుడే తెలుసు, జనం మళ్ళీ గుసగుసలాడుకుంటున్నారు, ఎవరో దగ్గారు, తమ్ముడు ఏదో అంటున్నాడు, కూర్చుంటావా అక్కా, నీళ్ళు తాగుతావా, వినపడలేదు, తనిన్నేళ్ళూ వీడి పెళ్ళిలో ముళ్ళలా మాట్లాడింది, వీడి పిల్లల పుట్టినరోజులకి వెళ్ళలేదు, వీడి పేరు పేపర్లో వస్తే ఆ పేజీ మీద బంగాళాదుంపల తొక్క తీసింది, నాన్న వేళ్ళ కోసం అనుకుంది, నాన్న పరువు కోసం అనుకుంది, తన చేత్తో సాసేజి ముక్కలు కోసిపెట్టిన నాన్న మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో తెలియక దాన్ని మోసుకొచ్చి తమ్ముడి గుమ్మంలో పడేసింది, పోనీ భయపడి వద్దన్నా బాగుండేది, ప్రేమకొద్దీ వద్దన్నా బాగుండేది, అదీ కాదు, నాన్న ఆలోచించనే లేదు, నాన్నకి తను కనపడనే లేదు.