పాస్‌పోర్టులో ఉన్న పేరు

హల్వా పొట్లం అడుగున పెడితే బట్టల బరువుకి నలిగి నెయ్యి కారుతుంది, పైన పెడితే ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిచినవాడికి మొదట అదే కనపడుతుంది, తీసి పక్కన పడేసినా పడేస్తాడు, మధ్యలో పెడితే తెల్ల కోట్లకి మరక, ఎక్కడ పెట్టినా తప్పే, అనుకుంటూ లూర్దు మేరీ మాడుగుల హల్వా పొట్లాన్ని మూడోసారి బయటికి తీసి ఇంకో కవర్లో చుడుతోంది, అమ్మమ్మా, ముప్పై కేజీలకి మించితే ఒప్పుకోరు, నేను మస్కట్ వెళ్తన్నది నర్సు ఉద్యోగానికి, మిఠాయి కొట్టు పెట్టడానికి కాదు, అంటోంది జాయ్స్ అద్దం ముందు జడ వేసుకుంటూ, ఉండవే, పరాయి ఊళ్ళో మొదటి రోజు నోరు తీపి సేసుకోవాలి, అంది గానీ ఆమె చూపు పెట్టె మీద లేదు, టీవీ మీద ఉంది, పదకొండు కొట్టింది, పార్లమెంటులో ప్రశ్నల గంట మొదలైంది, పన్నెండింటికి మేనల్లుడి వరసైన అప్పలరాజు కారు తెస్తానన్నాడు, విదేశాంగ మంత్రి చెప్పే జవాబు వినడమూ, ఈ పిల్లని సాగనంపడమూ రెండూ ఈ గంటలోనే, దేవుడు ఎప్పుడూ ఇంతే, ఏళ్ళ తరబడి ఊరికే కూర్చోబెట్టి అన్నీ ఒక్క గంటలో పడేస్తాడు.

లూర్దు మేరీ బడి మొహం చూడలేదు, గుడిలో నోటికొచ్చిన పాటల్ని పాటల పుస్తకంలో వేలు పెట్టి వెతుక్కుంటూ, ఇది స్తోత్రం అయితే ఇది స్తో, అని అక్షరాలు పట్టుకుంది, ఆ తరవాత పేపరు, పేపర్లో అందరూ సినిమా పేజీ చూస్తే ఈమె పార్లమెంటు ప్రశ్నలు చదివేది, ఫలానా సభ్యుడు అడిగాడు, ఫలానా మంత్రి చెప్పాడు, లోకంలో అడిగినదానికి జవాబు చెప్పక తప్పని చోటు అదొక్కటేనని ఆమె నమ్మకం, ఇప్పుడు టీవీలో మంత్రిగారు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే అడుగున తెలుగు అక్షరాలు పరిగెడుతున్నాయి, కళ్ళజోడు సవరించుకునేలోపు సగం వెళ్ళిపోతున్నాయి, పోస్టాఫీసుల్లో కూడా పాస్‌పోర్టు కేంద్రాలు, పోలీసు విచారణ త్వరగా, అవును, జాయ్స్‌ది ఎంత తొందరగా వచ్చేసింది, పోలీసాయన ఇంటికొచ్చి టీ తాగి ఈ అమ్మాయి మీకేమవుతుందమ్మా అన్నాడు, మా సెల్లి మనవరాలు బాబూ అంది, మీ చెల్లెలు ఎక్కడుంటారు అన్నాడు, ఆయన మామూలుగానే అడిగాడు, ఈమె ఖాళీ కప్పు అందుకుంటూ లేదు బాబూ అంది, ఆయన ఏం అర్థం చేసుకున్నాడో అయ్యో అని తల దించుకున్నాడు.

పొరుగుదేశంతో చర్చలు జరుగుతున్నాయి, చర్చలు ఆశాజనకంగా ఉన్నాయి, వివరాలు సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం, అక్షరాలు వెళ్తున్నాయి, ఎంత ఒద్దికగా చెప్తున్నాడు, ఇలా తనూ చెప్పింది, చెల్లెలు కరుణ కువైట్ వెళ్ళేనాటికి దాని కూతురు దీనకి మూడేళ్ళు, దాన్ని పెంచింది తనే, అమ్మ ఎప్పుడొత్తాది పెద్దమ్మా అని అది అడిగితే కనుక్కుంటన్నామమ్మా, ఉత్తరం రాసేము, జవాబొత్తాది, అనేది, ఎనిమిదేళ్ళప్పుడు అది అడగడం మానేసింది, పన్నెండేళ్ళప్పుడు పెద్దమ్మా అనడం మానేసి అమ్మా అంది, ఆ రోజు గిన్నెలు తోముతూ లూర్దు మేరీ ఎంతసేపు ఏడ్చిందో, సంతోషానికో సిగ్గుకో ఇప్పటికీ తెలీదు, ఆ దీన వంటింట్లో పులిహోర కలుపుతోంది, దాని కూతురే ఈ జాయ్స్, ఇరవై రెండేళ్ళు, కరుణకి అప్పుడు ఇరవై మూడు.

ఇరవై మూడే, అదే వచ్చిన తంటా, ఇంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళకి ముప్పై నిండాలమ్మా, లేకపోతే ఆపేత్తారు, అన్నాడు ఏజెంటు త్రినాధరావు, నీకెన్నేళ్ళు అని ఇటు తిరిగేడు, ముప్పై రెండు అంది లూర్దు మేరీ, సరిపోయింది, నీ కాగితాలు తే, దాని ఫొటో అంటిద్దాం, ఎవడు సూడొచ్చేడు, పిల్లని పెట్టుకుని మొగుడు పోయిన మనిషి, రెండేళ్ళు కష్టపడితే గట్టెక్కుతాది, అన్నాడు, తన భర్త సత్యరాజు సరే అన్నాడు, తనూ సరే అంది, ఎంత తేలిగ్గా, అరువు చీర ఇచ్చినట్టు పేరు ఇచ్చేసింది, ఫొటోకి కరుణ ఈమె గళ్ళ చీర కట్టుకుని, ఈమెలాగే ముడేసుకుని, వయసు కనపడాలని చెంపల దగ్గర జుట్టుకి కాస్త పౌడరు రాసుకుని కూర్చుంది, అక్కా, ముసలమ్మలాగ ఉన్నానే అని నవ్వింది, నాలాగున్నావంటే ముసలమ్మలాగున్నట్టేటే, అని తనూ నవ్వింది, త్రినాధరావు చెప్పాడని ఆ వారమంతా ఇంట్లో కరుణని అందరూ లూర్దు మేరీ అనే పిలిచారు, పిలిస్తే ఠక్కున పలకాలి, కరుణా అంటే తిరక్కూడదు, అది పందెం, మొదట్లో ఇద్దరూ ఒకేసారి ఆఁ అనేవారు, పిల్ల దీన చప్పట్లు కొట్టేది, నాలుగో రోజుకి కరుణ మాత్రమే పలికింది.

మంచినీళ్ళు తాగు అమ్మమ్మా, చెమటలు పడుతున్నాయి, బీపీ మాత్రేసుకున్నావా, అంటోంది జాయ్స్, వేసుకున్నానే, ఫ్యాను తిరగట్లేదు, అంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది, టీవీ పక్కన జాయ్స్ పెట్టిన జిరాక్సు కాగితం ఆ గాలికే లేస్తోంది, గల్ఫు వెళ్ళి జాడ తెలియని ఆడవాళ్ళ వివరాలు ఎంపీగారి ఆఫీసువాళ్ళు తీసుకుంటున్నారని కిందటి నెల ఈ పిల్లే వెళ్ళి రాసిచ్చి వచ్చింది, వెళ్ళేముందు మా మామ్మ కోసం నేనొక్క పని చేసి వెళ్తానంది, కరుణని అది మామ్మ అంటుంది, చూడని మనిషిని, ఆ కాగితం మీద వెళ్ళిన వ్యక్తి పేరు కరుణ, వెళ్ళిన ఊరు కువైట్, పాస్‌పోర్టులో ఉన్న పేరు అన్న గడిలో మళ్ళీ కరుణ, ఆ మూడు అక్షరాల దగ్గర లూర్దు మేరీ కన్ను నెల రోజులుగా కాలిన చోట గుడ్డ తగిలినట్టు తగులుతోంది, అక్కడ ఉండాల్సింది తన పేరని చెప్తే, దొంగ పాస్‌పోర్టు కుటుంబం అంటారు, అదే ఇంటి నుంచి ఇంకో పిల్ల విమానం ఎక్కుతుంటే రెక్క పట్టుకుని ఆపుతారు, ఆపితే, ఆపితే ఈ పిల్ల ఇక్కడే ఉండిపోతుంది, పెట్టె విప్పి కోట్లు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకోవచ్చు, ఛీ, ఏం బుద్ధి ఇది, చెప్పడానికి భయమో, చెప్తే వెళ్ళదన్న ఆశో తనకే తెలియకుండా ఉంది, పెట్టె జిప్పు లాగింది, పళ్ళు పట్టలేదు, మళ్ళీ లాగింది.

మూడేళ్ళు ఉత్తరాలు వచ్చాయి, యజమాని ఇంట్లో ఎవరైనా చూస్తారని కరుణ ఉత్తరం చివర ఇట్లు లూర్దు మేరీ అనే రాసేది, తన పేరుతో తనకే ఉత్తరాలు, నేను బాగున్నాను, దీన అన్నం తింటోందా, ఇట్లు లూర్దు మేరీ, ఆ తరవాత అక్కడ యుద్ధం వచ్చింది, ఉత్తరాలు ఆగాయి, మన వాళ్ళని విమానాల్లో తెస్తున్నారని రేడియో చెప్పింది, బుచ్చయ్యపేట వైపు ఆడవాళ్ళిద్దరు దుప్పటి మూటలతో స్టేషన్లో దిగారు, లూర్దు మేరీ రోజూ స్టేషన్‌కి వెళ్ళింది, కరుణ దిగలేదు, చివరికి గుడి ఫాదర్ గారు ఢిల్లీకి అర్జీ రాస్తూ పేరు చెప్పమ్మా అన్నారు, నోరు తెరిచింది, కరుణ అంది, ఆర్నెల్లకి తెల్ల కవరు వచ్చింది, ఆ పేరు గల వ్యక్తికి పాస్‌పోర్టు జారీ కాలేదు, ఫాదర్ గారు కళ్ళజోడు పైనుంచి చూసి పేరు సరిగ్గానే చెప్పేవా అన్నారు, సరిగ్గానే సెప్పేనండి అంది, ఇంటికొచ్చాక సత్యరాజు నెమ్మదిగా అన్నాడు, ఇప్పుడు నోరిప్పితే ముగ్గురం లోపలికెళ్తాం, దీనని ఎవరు సూత్తారు, అన్నాడు, ఆయన పోయి పదకొండేళ్ళు, త్రినాధరావు అంతకన్నా ముందే పోయాడు, ఎవరూ లోపలికి వెళ్ళలేదు, జైలు లేకుండానే తను మటుకు వెళ్ళింది, మొన్నటికి మొన్న ఫాదర్ గారు యెరూషలేము యాత్రకి పేరు రాస్తానంటే పాస్‌పోర్టు కావాలని తెలిసి మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకుంది, ఢిల్లీ పుస్తకాల్లో లూర్దు మేరీ ఎప్పుడో దేశం దాటిపోయింది, ఇక్కడ కూర్చుని హల్వా చుడుతున్నది ఎవరు.

అమ్మమ్మా, మన ప్రశ్న, మన ప్రశ్న, అని జాయ్స్ సౌండు పెంచింది, దీన గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది, ఎంపీగారు లేచి ఏదో అడిగారు, మంత్రిగారు కాగితం తిప్పారు, అక్షరాలు వచ్చాయి, గౌరవ సభ్యులు ఇచ్చిన జాబితాలో పద్నాలుగు పేర్లు, తొమ్మిదింటిపై రాయబార కార్యాలయం విచారిస్తోంది, మిగిలిన అయిదు పేర్లతో పాస్‌పోర్టులు జారీ అయినట్టు రికార్డు లేదు, ఎంపీగారు మళ్ళీ లేచారు, అధ్యక్షా, రికార్డు లేదంటే ఆ మనుషులే లేరనా, మంత్రిగారు ఈసారి కాగితం చూడలేదు, మనుషులు లేరని నేననడం లేదు, ఏ పేరుతో వెళ్ళారో ఆ పేరు చెప్పండి, ఎంత పాతదైనా తీయిస్తాను, పేరు తెలియకుండా నేను ఎవరినని వెతకను, అన్నారు, ఆ తరవాత ఇంకో సభ్యుడు, ఇంకో దేశం, అక్షరాలు వెళ్ళిపోయాయి.

అయిదింట్లో మనది ఒకటి అయ్యుంటాది, అంది జాయ్స్ మెల్లగా, వీధిలో హారన్ మోగింది, అప్పలరాజు, అయిదు నిమిషాలు ముందే, పెళ్ళికూతురు తయారేనా అత్తా అని అరుగు మీంచే కేకేస్తున్నాడు, దీన కళ్ళు తుడుచుకుంటూ డబ్బా మూత పెడుతోంది, ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, ఒక్క పది నిమిషాలు, పిల్ల వెళ్ళిపోతుంది, మంత్రి చెప్పాడు, రికార్డు లేదు, అంతా మర్యాదగా అయిపోతుంది, ఏ పేరుతో వెళ్ళారో ఆ పేరు చెప్పండి, జాయ్సూ, నీ పాస్‌పోర్టు ఓసారి ఇలా ఇయ్యి, అంది, పిల్ల ఇచ్చింది, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చూసింది, ఇంగ్లీషు రాదు, ఫొటో చూసింది, ఇందులో అన్నీ నీయ్యేనా, అంది, అదేటి అమ్మమ్మా, నా పేరే, నా మొహమే, నా పుట్టినరోజే, ఎవరిదుంటాదేటి, అంది జాయ్స్, నిన్ను ఎవురూ ఆపరు కదా, అంది, ఎందుకాపుతారు, అంది పిల్ల, మరైతే ఆ పెన్నియ్యి.

కాగితం పెట్టె మీద పెట్టుకుని, గడిలో ఉన్న కరుణ అన్న మాటని అడ్డంగా కొట్టేసి, చిక్కుడు గింజలంత అక్షరాలతో లూర్దు మేరీ అని రాసింది, రాస్తూనే చెప్పింది, ముప్పై ఏళ్ళు నిండాలన్నది, ఫొటో, గళ్ళ చీర, ఫాదర్ గారు, తెల్ల కవరు, అంతా, ఇన్నేళ్ళ బరువూ నాలుగు నిమిషాలే పట్టింది, దీన గోడకి జారి కూర్చుంది, అమ్మా అని నిన్నే పిలిచేను, అమ్మ పేరూ నీదేనన్నమాట, అంది, అందులో తిట్టు ఉందో లేదో లూర్దు మేరీకి అందలేదు, ఉంటే ఉండనీ, జాయ్స్ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి ఎంపీగారి ఆఫీసుకి పంపేసి, కేసు పెడితే నీ బీపీ మాత్రలు జైలుకి పంపిత్తాలే అంటూ గడ్డం పట్టుకుంది, హల్వా పొట్లం తనే తీసి కోట్ల మధ్య పెట్టుకుంది, జిప్పు పట్టింది.

కారు దగ్గర అందరూ ఉన్నారు, పెట్టె డిక్కీలోకి వెళ్ళింది, అప్పుడూ ఇలాగే, రెగ్జిన్ సంచి కిటికీలోంచి లోపలికి వెళ్ళింది, మద్రాసు రైలు కదిలింది, లూర్దు మేరీ ప్లాట్‌ఫారం మీద నాలుగు అడుగులు పరిగెత్తి కరుణా అని పిలిచింది, కరుణ తిరగలేదు, వారం రోజులు నేర్పిన పాఠం, వెనక నుంచి త్రినాధరావు బాగా నేర్సుకుంది అన్నాడు, ఈ డోరు మూసుకుంటోంది, జాయ్సూ, అని పిలిచింది, పిల్ల ఠక్కున తిరిగింది, ఏటి అమ్మమ్మా, అంది, ఏటీ లేదే, ఎల్లిరా, అంది, కారు మలుపు తిరిగేదాకా నిలబడింది, ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఇక ఇంతే చెప్పాలి, లూర్దు మేరీ ఎక్కడికీ వెళ్ళలేదు, ఆ పేరు మీద వెళ్ళి తిరిగి రానిది ఆమె చెల్లెలు కరుణ, వెళ్ళింది పంతొమ్మిది వందల ఎనభై ఏడు, జూన్ పద్నాలుగు, ఆదివారం.