మణికట్టు మీద మణికట్టు

పెద్దమ్మ పడిపోతే జనం చప్పట్లు కొట్టారు.

లేచి నిలబడి మరీ కొట్టారు. పాపం, వాళ్ళకేం తెలుసు? ఆటలో భాగమనుకున్నారు. దారాలక్క పరుగున వెళ్ళి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, "తలుపు తియ్యండర్రా! ఊపిరాడట్లేదు ఈవిడకి!" అని గొంతు చించుకుంది. దానికీ చప్పట్లే.

అది ముప్పయ్యేళ్ళ కిందట మూతపడిన బట్టల మిల్లు. ఒక కాంట్రాక్టరు దాన్ని తీసుకుని, మగ్గాలకు నూనె పట్టించి, అలనాటి కార్మికుల బతుకు కళ్ళకు కట్టిస్తామని బోర్డు పెట్టాడు. రోజుకు మూడాటలు. ఆ మిల్లులో చాకిరీ చేసినవాళ్ళ బిడ్డలూ మనవరాళ్ళే వేషగాళ్ళు. అమ్మమ్మలు నిజంగా నేసిన చోట వీళ్ళు నేసినట్టు నటించాలి, అదీ సంబడం! అప్పట్లో దొర పనివాళ్ళను లోపల పెట్టి తాళం వేయించేవాడు. కాంట్రాక్టరు కూడా కటకటాల తలుపుకు గొలుసు చుట్టి నిజం తాళమే వేసేవాడు. "ఉత్తుత్తి తాళం చూడ్డానికి ఎవరొస్తారు? జనానికి గుండె దడదడలాడాలి" అనేవాడు. పైన రేకులు, కిటికీలకు మేకులు, మధ్యలో మగ్గాల మోత. తాళంచెవి మాత్రం ఆయన జేబులో.

ఆ రోజు ఆయన తాళం వేసి భోజనానికి వెళ్ళాడు. వచ్చి తలుపు తీసేసరికి అరగంట. పెద్దమ్మ మళ్ళీ కళ్ళు తెరవలేదు. రెండో రోజు ఆసుపత్రిలో పోయింది.

ఆ మిల్లులో నిజంగా నేసిన మనిషి వేషగాళ్ళలో ఆవిడొక్కతే. ఆట చివర్లో దారాలక్క దొర కాళ్ళ మీద పడి ఏడవాలి, దొర జాలిపడి తాళం తీయించాలి. అది చూసినప్పుడల్లా పెద్దమ్మ మూతి తిప్పేది. "ఎవత్తె పడిందే వాడి కాళ్ళ మీద? మగ్గాలాపి మూడ్రోజులు కూర్చున్నాం. చచ్చినట్టు తాళం తీశాడు. కూర్చోవడం వేరు, వంగడం వేరే పిల్లా!"

మోతలో మాట వినబడదు గనక ఆనాటి నేతగత్తెలకు సైగలుండేవి. అవి నేర్పిందీ ఆవిడే. చెవి పట్టుకుంటే మేస్త్రీ వస్తున్నాడని. పెదాల మీద రెండు వేళ్ళు పెడితే మంచినీళ్ళని. మణికట్టు మీద మణికట్టు వేసి గుండెకు ఆనిస్తే మగ్గం ఆపమని. చూడ్డానికి బాగున్నాయని కాంట్రాక్టరు కొన్నిటిని ఆటలో పెట్టించాడు. వాటి అర్థం మాత్రం ఏనాడూ అడగలేదు.

పెద్దమ్మను సాగనంపిన మర్నాడే ఆయన వేషాల గదిలోకి వచ్చాడు.

"నాకూ బాధగానే ఉంది. కానీ ఆ పడిపోవడం గురించే అందరూ చెప్పుకుంటున్నారు. దారాలక్కా, ఇవాళ్టి నుంచి అది నువ్వు చెయ్యి."



"మరి తాళం?" అంది దారాలక్క.

"తాళం లేకపోతే ఇది మిల్లెలా అవుతుంది?" అని ఆయన వెళ్ళిపోయాడు.

దొర వేషం కట్టే ఆయన్ని అందరూ ఉత్తుత్తిదొర అంటారు. ఆయన అద్దంలో చూసుకుంటూ మీసం అతికించుకుంటున్నాడు. "ఊరుకోండర్రా. మనం మానేస్తే గేటు బయట ఇంకో పాతికమంది కాచుక్కూర్చున్నారు."

"మీసంతో పాటు దొరబుద్ధి కూడా అంటుకుందా బాబాయ్?" అంది దారాలక్క.

"నాకూ పిల్లలున్నారే!"

"పెద్దమ్మకీ ఉన్నారు. నేను మానేద్దామనట్లేదు. లోపలికే పోదాం. వాణ్ణి తాళం వెయ్యనీ."

ఆ పూట కాంట్రాక్టరు కూడా లోపలే నిలబడ్డాడు, పడిపోవడం ఎలా వస్తుందో చూడాలని. తాళం పడింది. మగ్గాలు హోరెత్తాయి. దారాలక్క పడాల్సిన ఘడియ వచ్చింది. జనం మెడలు చాచారు. ఆమె పడలేదు. మణికట్టు మీద మణికట్టు వేసి గుండెకు ఆనించింది.

ఒక మగ్గం ఆగింది. పక్కది ఆగింది. ఆఖరి మగ్గం కూడా ఆగాక అందరూ నేల మీద కూర్చున్నారు.

జనం చప్పట్లు! "అబ్బ, ఏం చేశారండీ!"

దారాలక్కకు గోడలు మీదికి జరిగినట్టయింది. ఏడిస్తే చప్పట్లు, చస్తే చప్పట్లు, తిరగబడినా చప్పట్లేనా? ఇంక ఎటు పోవాలి?

"ఆపండి!" అని అరిచింది. "ఇది ఆట కాదు. నమ్మకపోతే వెళ్ళి ఆ తలుపు లాగి చూడండి."

చంకలో బిడ్డనెత్తుకున్న ఒకావిడ నవ్వుతూ వెళ్ళి లాగింది. మళ్ళీ లాగింది. బిడ్డను పక్కవాళ్ళకిచ్చి రెండు చేతులా లాగింది. నవ్వు పోయింది.

"నిజంగానే వేశారే! మరి మొన్న పడిపోయిన ముసలావిడ..."

"పోయిందమ్మా."

చప్పట్లు కొట్టిన చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఆట పాడుచేస్తావా? కాళ్ళ మీద పడవే!" కాంట్రాక్టరు ఊగిపోయాడు.

ఉత్తుత్తిదొర తన కుర్చీలోంచి లేచాడు. మీసం పీకి కాంట్రాక్టరు చేతిలో పెట్టాడు. "ఇది నీదే, ఉంచుకో" అని వచ్చి దారాలక్క పక్కన చతికిలబడ్డాడు.

"తలుపు తియ్యి!" ఈసారి అరిచింది చూడ్డానికొచ్చిన జనం. కాంట్రాక్టరు తీయలేదు. ఫోను తీశాడు. తలుపు తీసింది పోలీసులొచ్చాకే. చూడ్డానికొచ్చినవాళ్ళను దారాలక్క నిర్బంధించిందట! కేసు అదీ. తాళంచెవి ఎవరి జేబులో ఉందని ఒక్కరూ అడగలేదు. ఆమె చేతులు దగ్గరికి లాగి బేడీలు వేశారు. మిగతా వేషగాళ్ళను బయటికి తోలేశారు.

గేటు బయట ఆ పాతికమందీ ఉన్నారు. "రండి, వేషాలు సిద్ధంగా ఉన్నాయి" అని కాంట్రాక్టరు పిలిచాడు. వాళ్ళు కదిలారు. పోలీసు వ్యాను మెట్టు మీద నిలబడి దారాలక్క వాళ్ళను చూసింది. ఏం చెప్పాలి? చెప్పే వ్యవధి ఎక్కడుంది?

బేడీల చేతులు మణికట్టు మీద మణికట్టుగా గుండెకు ఆనించింది.

వాళ్ళంతా ఆ మిల్లు పేటవాళ్ళే. ఆ సైగను అమ్మమ్మల చేతుల్లో చూసి పెరిగినవాళ్ళే. ముందున్న మనిషి గడప మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. తన చేతులు చూసుకుంది. మణికట్టు మీద మణికట్టు వేసింది. ఆమె వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక అందరూ.

వ్యాను కదిలి వెళ్ళిపోయింది. లోపల ఒక్క మగ్గమూ ఆడలేదు.