మాస్టారి కుడికాలు

"క్లచ్ మెల్లగా వదలమంటే అంత భయమెందుకమ్మా? అది కారు, కరవదు," అని బ్రేకు మాస్టారు మూడోసారి విసుక్కున్నారు.

స్టీరింగు పట్టుకున్న బ్యాంకు గుమస్తాకు ముచ్చెమటలు పోస్తున్నాయి. ఆవిడ క్లచ్ వదలడం, కారు ఒక్క కుదుపు కుదిపి చచ్చినట్టు ఆగిపోవడం, వెనకున్న బండ్లవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడవడం. నిన్నటిదాకా బాగానే నడిపిన మనిషికి ఇవాళ ఏ పురుగు కుట్టిందో మాస్టారికి అర్థం కాలేదు. ఇంట్లో గొడవపడి వచ్చారా అని కూడా అడిగేశారు.

"మీరు చెప్పినట్టే చేస్తున్నాను సార్. బండే కదలట్లేదు." ఆవిడ గొంతులో ఏడుపు తొంగిచూసింది.

"బండికేం, భేషుగ్గా ఉంది," అంటూ మాస్టారు కిందికి చూశారు. ఆయన కుడికాలు బ్రేకు మీద ఉంది. ఊరికే ఆనించినట్టు కూడా కాదు, గట్టిగా తొక్కిపట్టి ఉంది.

డ్రైవింగు నేర్పే కారులో నేర్పేవాడి వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. ఆ బ్రేకు మూలంగానే ఆయనకా పేరొచ్చింది. ఎదురుగా వచ్చే ప్రమాదం నేర్చుకునేవాళ్ల కంట పడేలోపే మాస్టారి కాలు బ్రేకు తొక్కేసేది. మాస్టారి కాలికి కళ్లున్నాయని శిష్యులు చెప్పుకునేవారు. ఇప్పుడా కాలికి కళ్లు కాదు కదా, చర్మమైనా ఉన్నట్టు లేదు. తొక్కుతున్నది తనేనని తనకే తెలియలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏ పాపం ఎరగని ఆ తల్లిని ఆడిపోసుకున్నారు.

ఆయన మోకాలిని చేత్తో పట్టుకుని కాలిని పక్కకు లాగారు. కారు బుద్ధిగా కదిలింది.

"చూశారా, ఇప్పుడు సరిగ్గా వదిలారు," అన్నారు.

ఆవిడ ముఖం విప్పారింది. మాస్టారికి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. తొక్కినప్పుడు తెలియలేదు, సరే. తొక్కవలసినప్పుడు తొక్కకపోతే? తొక్కాననుకుని కాలు గాల్లోనే ఉండిపోతే? ముందర బడి పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ రోడ్డు దాటుతున్నారు. ఆ తర్వాత కారు షెడ్డుకు చేరేదాకా ఆయన చూపు రోడ్డు మీద లేదు, తన చెప్పు మీదే ఉంది.

తిమ్మిరి ఆయనకు కొత్తది కాదు. పేగులో పుట్టిన క్యాన్సరు కాలేయానికి పాకాక బయటపడింది. పూర్తిగా పోగొట్టలేం గానీ అదుపులో పెట్టగలమని కుర్ర డాక్టరు మొదటిరోజే చెప్పేశాడు. మొదట ఇచ్చిన మందు పనిచేయలేదు. రెండోది పట్టింది. పట్టింది కానీ ఊరికే పట్టలేదు. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్లకు కరెంటు కొట్టినట్టయ్యేది. చల్లని నీళ్లు గుక్కెడు తాగితే గొంతు బిగుసుకుపోయి ఊపిరి అందేది కాదు. ఏం తిన్నా నోట్లో తుప్పు మేకు చప్పరిస్తున్నట్టే ఉండేది. మందు ఎక్కించిన వారమంతా మంచం, బాత్‌రూము, మళ్లీ మంచం. అవన్నీ ఆయన నోరారా తిట్టుకున్నారు, భార్యతో చెప్పుకున్నారు, డాక్టరుతో చెప్పుకున్నారు. కాళ్ల సంగతి ఒక్కటే కడుపులో దాచుకున్నారు.

ఎందుకంటే డాక్టరు ఒక మాట అన్నాడు. "చేతులకో కాళ్లకో స్పర్శ తగ్గుతున్నట్టుంటే వెంటనే చెప్పండి మాస్టారూ. ఎక్కువైతే ఈ మందు ఆపేయాల్సి వస్తుంది."

అందులో 'వెంటనే చెప్పండి' అన్న ముక్క మాస్టారి బుర్రలో నిలవలేదు. 'ఆపేయాల్సి వస్తుంది' ఒక్కటే నిలిచింది. పట్టిన మందు ఒక్కటుంటే దాన్ని కూడా ఆపేస్తే తన గతేం కాను? అప్పట్నుంచీ ఆయన పని దొంగకు తేలు కుట్టినట్టయింది. కాళ్లెలా ఉన్నాయని డాక్టరు అడిగినప్పుడల్లా, "రాళ్లలా ఉన్నాయి డాక్టరుగారూ," అని నవ్వేవారు. ఆ కుర్రాడు కూడా నవ్వి కంప్యూటర్లో ఏదో కొట్టుకునేవాడు.

బ్యాంకు గుమస్తాకు కారు మరమ్మతులో ఉందని చెప్పి పంపేశారు. మిగతా శిష్యులకూ అదే పాట. కానీ ఆసుపత్రికి ఎలా వెళ్లడం? ఇన్నాళ్లూ కారు తనే నడుపుకుంటూ వెళ్లారు. ఆ రోడ్డు మీద ఇప్పుడు తనను తాను నమ్మే ధైర్యం ఆయనకు లేదు. ఆటోలో వెళదామంటే ఎందుకని భార్య అడుగుతుంది. అడిగితే ఆవిడ కళ్ల ముందు నిలబడి అబద్ధం చెప్పాలి, ఆ కళ్లు మామూలు కళ్లు కావు.

ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. నువ్వుగింజంత మరమేకు కింద పడితే నేలంతా ఒక్క చూపు చూసి తీసి ఇస్తుంది. అబద్ధమాడటం ఒంటికి పడని మనిషి. ఈ ఫ్రేము నాకు బాగుందా అని ఎవరైనా మురిసిపోతూ అడిగితే, "లేదండీ, ముఖం ఇంకా వెడల్పుగా కనిపిస్తోంది," అనేస్తుంది. దుకాణం యజమాని తల పట్టుకుంటాడు.

"రేపట్నుంచి నీకు డ్రైవింగు నేర్పిస్తాను," అన్నారు మాస్టారు అన్నం దగ్గర.

ఆవిడ గరిటె కంచం మీదే ఆగిపోయింది. కాపురానికి వచ్చిన కొత్తల్లోనే నేర్పమని ఆవిడ అడిగింది. మొగుడూ పెళ్లాల మధ్యకి గేరు రాడ్డు వస్తే సంసారం నిలవదని ఆయన నవ్వి కొట్టిపారేశారు. తర్వాత అడిగినప్పుడల్లా అదే జవాబు.

"ఇప్పుడెందుకండీ?"

"ఎప్పుడూ అడిగేదానివిగా."

ఆవిడ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. తను పోయాక ఒంటరిగా బతకడానికి సిద్ధం చేస్తున్నారని అనుకుని ఉంటుంది. మాస్టారు ఆ పొరపాటును దిద్దలేదు. అబద్ధం దాక్కోవడానికి ఆ మాత్రం చాటు దొరికితే చాలనుకున్నారు. తీరా పక్క మీద వాలాక, అది పొరపాటు కాదేమో, తన మనసులో ఉన్నదీ అదేనేమో అని తోచింది.

ఇంటి పక్కనే, మూతపడ్డ గోదాముల వెనక ఖాళీ స్థలంలో ఆవిడకు పాఠం మొదలైంది. మాస్టారు రెండు కాళ్లూ సీటు కిందికి ముడుచుకుని, అవి మళ్లీ ముందుకు రాకుండా మోకాళ్ల మీద చేతులు అదిమి కూర్చున్నారు. ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి, చెప్పిందల్లా ఇట్టే పట్టేసింది. రెండో రోజుకే గోదాముల చుట్టూ తిప్పింది.

"ఏమండీ, పోతోంది! నేనే పోనిస్తున్నాను!" అని చిన్నపిల్లలా అరిచింది.

"ముందు చూడు, ముందు చూడు," అన్నారు మాస్టారు. ఆవిడ సంతోషం చూసి నవ్వాలనిపించింది, నవ్వు రాలేదు. గోడ దగ్గరపడుతుంటే కాలు దానంతటదే లేచింది. అది ఎక్కడ దిగిందో తెలియలేదు. ఆవిడే సమయానికి బ్రేకు తొక్కింది.

ఆవిడే మెల్లగా నడుపుకొచ్చి ఇంటి ముందు కారాపాక ఇద్దరూ దిగారు. మాస్టారు ముందు నడిచి, గేటు దాటి, మెట్లెక్కి, హాల్లో కుర్చీలో కూలబడ్డారు. వెనకనే వచ్చిన ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. తెల్లటి గచ్చు మీద గుమ్మం నుంచి కుర్చీదాకా ఎర్రటి మరకలు.

"అయ్యో, ఎవరికి తగిలింది?" అని అడిగింది మాస్టారే.

ఆవిడ ఆయన పాదాల వంక చూసింది. ఎడమకాలికి చెప్పుంది. కుడికాలి చెప్పు కారులోనే ఊడిపోయి ఉంటుంది. రాళ్లూ రప్పలూ తొక్కుకుంటూ ఆయన ఉత్త కాలితో ఇంట్లోకి నడిచొచ్చారు.

కీమో తీసుకునే ఒంటికి చిన్న గాయమైనా చిన్నది కాదని, జ్వరం తగిలితే ఆసుపత్రికి పరుగెత్తాలని డాక్టరు ఇద్దరికీ చెప్పి ఉన్నాడు. ఆవిడ చేతులు సబ్బుతో కడుక్కుని, సన్నటి పట్టకారును మరిగే నీళ్లలో వేసి తీసి, నేల మీద కూర్చుని ఆయన కాలు ఒళ్లో పెట్టుకుంది. మాస్టారు కిటికీ వైపు ముఖం తిప్పుకున్నారు.

"తీసేముందు చెప్పు. పళ్లు బిగబట్టుకుంటాను," అన్నారు.

ఆవిడ అప్పటికే తీసేసింది. ఆయన తిరిగి చూస్తే అరచేతిలో గాజుపెంకు చూపించింది. గోరంత పెంకు, మొన మీద రక్తం.

"ఎప్పట్నుంచి?"

"ఏదో ఈమధ్యే..."

"ఎప్పట్నుంచండీ?"

మాస్టారు చెప్పేశారు. బ్రేకు సంగతీ, బ్యాంకు గుమస్తా సంగతీ, డాక్టరు దగ్గర నవ్వి తప్పించుకున్న సంగతీ అన్నీ చెప్పేశారు. చివర్న, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు నిన్ను కూర్చోబెట్టి కడిగిస్తున్నాను," అని ఒక వెర్రి నవ్వు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఎల్లుండి డాక్టరుకు నేను చెప్తాను."

"చెప్తే మందు ఆపేస్తాడే."

"ఆపనివ్వండి."

"ఆపితే..." అని మాస్టారు ఆగారు. "నాకు భయంగా ఉందే," అన్నారు. జబ్బు బయటపడ్డాక ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

"నాకు లేదా?" అంది ఆవిడ, కట్టు కడుతూనే. కట్టడం అయ్యాక కూడా ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుని అలాగే కూర్చుంది. ఆవిడ పట్టుకున్న సంగతి ఆయనకు కంటితో చూస్తేనే తెలిసింది. జబ్బు తన దగ్గర్నుంచి ఇది కూడా లాక్కుందా అని ఆయనకు దుఃఖం పొర్లుకొచ్చింది.

ఎల్లుండి రానే వచ్చింది. ఇద్దరూ ఆటోలో బయల్దేరారు. చెప్పొద్దని ఇంకోసారి బతిమాలదామా అని మాస్టారు నోరు తెరిచారు, మూశారు. మనసులో ఏ మూలనో సిగ్గు లేకుండా కొంచెం హాయిగా కూడా ఉంది. తను చెప్పలేని మాట ఆవిడ చెప్పేస్తుంది. ఇక మోయక్కర్లేదు.

డాక్టరు ఆ రోజు హుషారుగా ఉన్నాడు. కంప్యూటరు తెర వాళ్ల వైపు తిప్పి, స్కానులో కాలేయం మీది మచ్చలు వేలితో చూపించాడు. "ఇవి పాతవి. ఇవి ఇప్పటివి. చూడండి, సగానికి సగం తగ్గాయి. మందు మనం అనుకున్నదానికంటే బాగా పనిచేస్తోంది మాస్టారూ."

ఆవిడ తెర మీదికి వంగింది. పక్కపక్కనే ఉన్న రెండు బొమ్మలనూ అద్దం మీద గీత వెతికినట్టు మార్చి మార్చి చూసింది.

"కాళ్లెలా ఉన్నాయి? తిమ్మిరేమైనా?" అని డాక్టరు ఎప్పట్లాగే అడిగాడు.

మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"బాగానే ఉన్నాయండీ," అంది.

అన్నాక పెదవులు బిగించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. ఒళ్లో ఉన్న సంచీ పట్టీ వేళ్లకు చుట్టి చుట్టి లాగుతోంది.

మాస్టారు బతికిపోయాననుకోవాలి. అనుకోలేకపోయారు. జబ్బు పేరు విన్ననాడు కూడా పుట్టనంత భయం ఇప్పుడు పుట్టింది. ఫ్రేము బాగాలేదని ముఖం మీదే చెప్పే మనిషి ఈ మాట అన్నదంటే, ఆవిడ లోపల ఎంత వణికిపోతోందో! ఇంతకాలం భయమంతా తన సొత్తే అనుకున్నారు. ఇక ఆవిడ బాగానే ఉన్నాయని అంటూనే ఉంటుంది. తను మెట్ల మీంచి దొర్లి పడినా, కాలు చీము పట్టినా, అంటూనే ఉంటుంది. తను పోయాక ఆ మాట ఒక్కటీ పట్టుకుని ఆ ఇంట్లో కూర్చుంటుంది.

"అబద్ధం డాక్టరుగారూ," అన్నారు మాస్టారు. "ఆవిడకు చేతకాదు. ఇన్నాళ్లూ చెప్పింది నేను. నాకు రెండు పాదాలూ లేనట్టే ఉన్నాయి."

డాక్టరు ముఖంలో హుషారు పోయింది. కట్టు విప్పి చూశాడు. వేళ్లు ఒక్కొక్కటీ కదిపి చూశాడు. కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. మాస్టారు నిటారుగా నిలబడ్డాననే అనుకున్నారు. కళ్లు తెరిస్తే డాక్టరు చేతుల్లో ఒరిగి ఉన్నారు.

"మొదలైనప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు డాక్టరు. కోపంగా కాదు, నీరసంగా అన్నాడు. "అప్పుడే చెప్పుంటే మోతాదు తగ్గించేవాణ్ని. తగ్గించి ఇస్తూ ఇంకా చాలా నెలలు నడిపేవాళ్లం. ఇప్పుడు నరాలు ఇంత దెబ్బతిన్నాక ఒక్క చుక్క కూడా ఇవ్వలేను. పోయిన స్పర్శే తిరిగొస్తుందో రాదో చెప్పలేను."

"వేరే మందు?" అన్నారు మాస్టారు.

"ఉంది. ఇస్తాం. కానీ ఇంత బాగా పనిచేస్తుందని మాటివ్వలేను మాస్టారూ."

మందు ఆపేస్తారన్న భయంతో ఆడిన అబద్ధమే మందు ఆపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని మాస్టారికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎన్నిసార్లు నవ్వి తప్పించుకున్నారో, అందులో ఏ ఒక్కసారి నిజం చెప్పినా సరిపోయేది కదా అన్నదే బుర్రలో గిర్రున తిరిగింది.

అప్పుడు ఆవిడ కుర్చీలోంచి లేచింది. తెర మీద మచ్చలు ఇంకా అలాగే ఉన్నాయి, పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క.

"ఇప్పుడు తగ్గించండి డాక్టరుగారూ," అంది. "సగం ఇవ్వండి."

"అమ్మా, వీల్లేదమ్మా."

"సగం వద్దులెండి. పావు ఇవ్వండి. నడవలేకపోతే నేను నడిపించుకుంటాను. డ్రైవింగు కూడా వచ్చేసింది నాకు. పావు ఎక్కువా? పోనీ అందులో సగం. ఈ ఒక్కసారికి కొంచెం ఇచ్చి చూడండి, కొంచెమే..."

"అమ్మా," అన్నాడు డాక్టరు.

ఇక చాల్లే, పద అని భార్య చెయ్యి పట్టుకోవలసిన మాస్టారు, ఆ పని మరిచిపోయి, ఆవిడతో పాటు తనూ డాక్టరు నోటి వంకే ఆశగా చూస్తూ కూర్చున్నారు.